ఊరూ పేరూ లేని రాయి

మూడేళ్ళ కిందట ఒక అక్టోబరు సాయంత్రం, జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో రాళ్ళు సేకరించేవాళ్ళు నెలకోసారి కలుసుకునే గదికి మొదటిసారి వెళ్ళాను. చేతిసంచిలో పాత టవల్లో చుట్టిన రాయి ఒకటి ఉంది. అరచేతిలో పట్టేంత పలుగురాయి, దాని మీద గోరంతేసి సీసపు ఖనిజం ఘనాలు, వాటి సందుల్లో తేనె రంగు స్ఫాలరైట్ అనే జింకు ఖనిజం. ఆ వేసవంతా కొండలు తిరిగి ఏరుకొచ్చినవాటిలో అదే మేలైనది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన ఒకరు దాన్ని అందుకున్నారు. పదహారో ఏట గనిలోకి దిగి, ఫ్రైబెర్గ్ గనులు 1969లో మూతపడ్డాక ఆల్టెన్‌బెర్గ్ తగరం గనికి వెళ్ళి, 1991లో దాన్నీ మూసేసేదాకా పనిచేసిన మనిషి. చిన్న భూతద్దం కంటికి ఆనించుకుని, రాయిని దీపం కింద తిప్పి తిప్పి చూశారు. ఆయన ముఖం వెలిగింది.

"ఎక్కడిది?" అన్నారు.

"ఫ్రైబెర్గ్‌దేనండీ."

"ఫ్రైబెర్గ్‌లో ఏ గని? ఏ కుప్ప?"

నాకు నోట మాట రాలేదు. అది దొరికిన రోజు మూడు కుప్పలు, అంటే గనుల్లోంచి తీసి బయట పోసిన రాతి దిబ్బలు, తిరిగాను. మూడింటి రాళ్ళూ ఒకే సంచిలో వేసుకున్నాను. ఇంటికొచ్చి ఒకే బకెట్లో కడిగి, ఒకే గుడ్డ మీద ఆరబెట్టాను. ఏది ఎక్కడ దొరికిందో ఆ సాయంత్రానికే కలిసిపోయింది. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత రాయిని బల్ల మీద మెల్లగా పెట్టి, "మంచి రాయి. కానీ ఇది ఎక్కడిదో ఇక ఎవరికీ తెలీదు" అన్నారు. చనిపోయిన మనిషి గురించి మాట్లాడినట్టు అన్నారు.

ఆ రాత్రి చాలాసేపు ఉక్రోషంగా ఉంది. రాయి అదే కదా, దాని మెరుపు ఎక్కడికీ పోలేదు కదా, దొరికిన చోటు తెలీకపోతే ఏం పోయింది అనుకున్నాను. ఇప్పుడు ఆయన మాటే నా మాట. ఖనిజాన్ని సేకరించడమంటే రాయిని ఇంటికి తెచ్చుకోవడం కాదు, అది పుట్టిన చోటును దానితో పాటు తెచ్చుకోవడం. దొరికిన చోటు రాసిన చీటీ పోగొట్టిన సేకర్త రాయిని కాపాడలేదు, పాడుచేశాడు. ఇది నేను చాలా గట్టిగా నమ్ముతున్న విషయం. మన దగ్గర దీన్ని పట్టించుకునేవాళ్ళు ఎంత తక్కువో చూశాను కాబట్టి తెలుగులో రాయాలనిపించింది.

నేను పుట్టింది విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి వైపు. మాంగనీసు గనుల మధ్య పెరిగాను. ఎమ్మెస్సీ అయ్యాక ఇక్కడి గనుల విశ్వవిద్యాలయంలో చదవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, ఉండిపోయాను. 1765లో పెట్టిన విద్యాలయం ఇది. ఇప్పుడు ఇక్కడ తెలుగు మాట కూరగాయల దుకాణంలో కూడా వినిపిస్తుంది, అంతమంది పిల్లలు వస్తున్నారు. చాలామంది రెండేళ్ళు చదివి, ఊరి చుట్టూ ఉన్న కుప్పల్లో ఒక్కటి కూడా ఎక్కకుండా వెళ్ళిపోతారు. అది నాకు బాధగా ఉంటుంది.

ఈ కొండల పేరు ఎర్ట్స్‌గెబిర్గె. ఖనిజాల కొండలు అని అర్థం. జర్మనీకీ చెక్ దేశానికీ మధ్య సరిహద్దుగా పరుచుకున్న ఈ కొండల్ని ఎనిమిది వందల ఏళ్ళకు పైగా తవ్వారు. వెండి, తగరం, కోబాల్టు, చివరికి యురేనియం. 2019లో రెండు దేశాల గని ప్రాంతాలనూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గనులు మూసేశాక మిగిలినవి కుప్పలు. లోపలినుంచి తీసి, పనికిరాదని బయట పోసిన రాయి. వాటి మీద ఇప్పుడు తెల్ల బెరడు బిర్చ్ చెట్లు పెరిగాయి. వాన పడ్డాక వెళితే కుప్ప వాలు తుప్పు రంగులో ఉంటుంది. బూడిద రంగు రాయి ఒకటి తీసుకుని సుత్తితో కొట్టి చూడండి, గుప్పున వెల్లుల్లి వాసన వస్తుంది. పోపులో వేసిన వెల్లుల్లే. కానీ అది ఆర్సెనిక్ అనే విషం. ఆర్సెనిక్ ఉండే ఆర్సెనోపైరైట్ అనే ఖనిజానికి ఆ గుణం ఉంది. మొదటిసారి ఆ వాసన వచ్చినప్పుడు వంట గుర్తొచ్చి నవ్వాను. ఆ తర్వాత చేతులు కడుక్కోకుండా నీళ్ళు కూడా తాగకూడదని తెలుసుకున్నాను.

ఫ్రైబెర్గ్ పుట్టుక కథే నా వాదనకు మొదటి సాక్ష్యం. 1168లో ఉప్పు బండ్లు తోలుకెళ్ళేవాళ్ళకి దారిలో, చక్రాల గాడిలో, మెరిసే బరువైన రాయి దొరికిందట. దాన్ని అప్పటికే గనుల పట్టణమైన గోస్లార్‌కి తీసుకెళ్ళి చూపిస్తే, మాదానికంటే ఇందులో వెండి ఎక్కువుందన్నారట. కథలో నిజమెంతైనా, ఆ ఏడాది ప్రాంతంలో ఇక్కడ వెండి బయటపడింది, జనం వచ్చిపడ్డారు, అడవి మధ్య పట్టణం లేచింది. నేను ఈ కథలో చూసేది వెండిని కాదు. ఆ బండివాడికి రాయి ఏ దారిలో, ఏ మలుపులో దొరికిందో గుర్తుంది. గోస్లార్‌లో అడిగినప్పుడు "ఎక్కడో" అని ఉంటే, ఆ రాయి ఏదో ఒక గూట్లో అలంకారంగా ఉండిపోయేది. ఫ్రైబెర్గ్ ఉండేది కాదు.

రెండో సాక్ష్యం ఇంకా గట్టిది. ఫ్రైబెర్గ్‌కి దక్షిణాన హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ అనే పెద్ద వెండి గని ఉండేది. 1885లో అందులో ఎవరూ ఎరగని ఖనిజం బయటపడింది. ఇక్కడి ప్రొఫెసర్ ఆల్బిన్ వైస్‌బాఖ్ దానికి ఆర్జిరోడైట్ అని పేరు పెట్టి, విశ్లేషించమని రసాయన శాస్త్రజ్ఞుడు క్లెమెన్స్ వింక్లర్‌కి ఇచ్చాడు. వింక్లర్ ఎన్నిసార్లు చేసినా వెండీ గంధకమూ మిగిలినవీ కలిపి 93 శాతమే వచ్చేవి. ఏడు శాతం ఎటు పోతోందో తేలేది కాదు. మన ఇళ్ళలో నెలాఖరు లెక్క తేలకపోతేనే నిద్ర పట్టదు. ఆయన నెలల తరబడి ఆ ఏడు శాతం వెనక పడ్డాడు. 1886 ఫిబ్రవరిలో అది కొత్త మూలకమని తేలింది. జర్మేనియం. పదిహేనేళ్ళ ముందే మెండలీవ్ తన పట్టికలో ఖాళీ గడి వదిలి, ఇక్కడికి ఇలాంటి మూలకం ఒకటి రావాలని రాసిపెట్టిన చోట అది సరిగ్గా కూర్చుంది. తర్వాత అరవై ఏళ్ళకు మొదటి ట్రాన్సిస్టర్ ఆ జర్మేనియంతోనే చేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రాయి వింక్లర్ బల్ల మీదికి చీటీ లేకుండా వచ్చి ఉంటే? విశ్లేషణకి రాయిని నూరి, ఆమ్లంలో కరిగించాలి. చేసిన ప్రతిసారీ రాయి కొంత పోతుంది. ఇంకా కావాలంటే ఏ గనిని అడగాలో తెలియాలి. హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ అన్న పేరు లేకపోతే ఆ ఏడు శాతం లెక్క తేలడానికి ముందే రాయి అయిపోయేది. అంతకు ముందు 1863లో ఇండియం కూడా ఈ ఊళ్ళోనే, ఇక్కడి జింకు ఖనిజంలోనే బయటపడింది. దాన్ని వెతికిన ఫెర్డినాండ్ రైఖ్‌కి రంగులు సరిగ్గా కనబడవు. అందుకని వర్ణపటం చూడమని థియోడోర్ రిఖ్టర్‌ని కూర్చోబెట్టాడు. రిఖ్టర్‌కి ముదురు నీలం గీత కనిపించింది. 1789లో క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు యురేనియాన్ని గుర్తించిన నల్లరాయి కూడా ఈ కొండల్లోని యోహాన్‌గెయోర్గెన్‌స్టాట్‌ది. ఇన్ని మూలకాలకు ఇక్కడి ఊళ్ళు పుట్టిళ్ళు. ఈ సంగతులన్నీ మనకు తెలిశాయంటే, ప్రతి రాయి పక్కనా దాని చోటు రాసిపెట్టే అలవాటు ఇక్కడివాళ్ళకి తరాలుగా ఉండబట్టే.

మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊళ్ళే మూలం కదా. ఖనిజాలదీ అదే పద్ధతి. ఫ్రైబెర్గైట్, అన్నాబెర్గైట్, జిన్‌వాల్డైట్. మొదటిది ఫ్రైబెర్గ్ నుంచి, రెండోది అన్నాబెర్గ్ నుంచి, మూడోది జిన్‌వాల్డ్ అనే తగరం పల్లె నుంచి. అన్నాబెర్గైట్ ఆకుపచ్చటి పూతలా ఉంటుంది, నికెల్ ఖనిజం. ఆ మాట పలికిన ప్రతిసారీ ఎక్కడో ఉన్నవాడు కూడా ఈ కొండల్లోని చిన్న పట్టణాన్ని తలచుకుంటున్నాడు.

ఇక మా వైపు సంగతి. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి మాంగనీసు అంటే అరిచేతికి అంటుకునే నలుపు. బొగ్గులా ఉంటుంది కానీ ఎత్తితే తెలుస్తుంది, బొగ్గు కాదు, బరువు. లారీలు పోయే దారి పక్క జిల్లేడు ఆకులు కూడా నల్లగా ఉండేవి. 1890లలో దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా విజయనగరం వైపే, కోడూరులో. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఫెర్మోర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు అక్కడి గోతులు దిగి చూసి, ఆ ఖనిజంతో పాటు ఉన్న వింత రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడు. ఫెల్డ్‌స్పార్, అపటైట్, మాంగనీసు కలిసిన గార్నెట్ ఉన్న రాయి. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద 1909లో ఆయన వెలువరించిన పెద్ద గ్రంథంలో అది వివరంగా ఉంది. ఆ పేరు నేను మొదటిసారి చూసింది ఇక్కడి లైబ్రరీలో. మా మేనమామ పనిచేసిన గోతుల పేరు, ఫ్రైబెర్గ్‌లో ఒక అలమారలో. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఆ రాయి కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందని ఫెర్మోర్ అనుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు, పాత మట్టి పొరలు లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి ఇలా తయారయ్యాయని వాదించారు. వాళ్ళు ఆయన్ని కాదనగలిగారంటే, ఆయన చూసిన చోటికే వెళ్ళి చూడగలిగారు కాబట్టే. చోటు రాసిన మనిషి తన తప్పును దిద్దే వీలు కూడా మిగిల్చి పోతాడు.

అయితే "కోడూరు" అని రాసినంత మాత్రాన సరిపోదు. మనకి ఇంకో కోడూరు ఉంది, రైల్వే కోడూరు. దాని దగ్గర్లోనే మంగంపేట ముగ్గురాళ్ళ గనులు. ముగ్గురాయంటే బెరైటీస్, ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి అక్కడుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం దాన్ని పొడిచేసి కలుపుతారు. ఒక చీటీ మీద ఉత్త "కోడూరు, ఆంధ్ర" అని ఉంటే ఉత్తరాంధ్ర మాంగనీసు కోడూరా, రాయలసీమ ముగ్గురాళ్ళ కోడూరా? పోనీ జిల్లా రాద్దామంటే జిల్లాలూ నిలకడగా ఉండవు. ఫెర్మోర్ నాటికి మా కోడూరు విశాఖపట్నం జిల్లాలోది, మద్రాసు రాజధాని. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అందుకే తేదీ కూడా ఉండాలి.

ఇక్కడా ఇదే తంతు. కొండకి అవతల, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న యాఖిమోవ్‌ని పాత చీటీల మీద యోఆకిమ్స్‌తాల్, బొహీమియా అని చూస్తాం. 1516లో అక్కడ వెండి పడింది. దాంతో కొట్టిన నాణేన్ని ఆ లోయ పేరుతో థాలర్ అన్నారు. డాలర్ అన్న మాట దాన్నించి వచ్చిందే. మేరీ క్యూరీ రేడియం తీసింది కూడా ఆ గనుల నల్లరాయి వ్యర్థంలోంచే. రాజ్యాలు మారాయి, భాష మారింది, ఊరి పేరు మారింది. మా పక్క పట్టణం కెమ్నిట్స్‌కి 1953 నుంచి 1990 దాకా కార్ల్ మార్క్స్ పేరు. నా దగ్గరున్న ఒక ఫ్లోరైట్‌కి మూడు చీటీలున్నాయి. ఒకటి వంకర టింకర పాత జర్మన్ రాత, ఇంకొకటి తూర్పు జర్మనీ కాలపు టైపు, మూడోది నాది. పాతవాటిలో ఏదీ పారేయను. వాటి మీదే కొత్తది పెడతాను.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. మనవాళ్ళు పొలం కొనేటప్పుడు ఏం అడుగుతారు? లింకు డాక్యుమెంట్లు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో మొత్తం గొలుసు చూపించకపోతే పైసా ఇవ్వం. రాయి విషయంలో మాత్రం ఆ తెలివిని పక్కన పెట్టేస్తాం.

నాతో వాదించేవాళ్ళున్నారు. మొదటి వాదన అందం గురించి. ఇక్కడి ఫ్రాయిడెన్‌స్టైన్ కోటలో 2008లో తెరిచిన ఖనిజాల ప్రదర్శనశాల ఉంది. ఎరికా పోల్-స్ట్రోయర్ అనే ఆవిడ జీవితమంతా పోగుచేసిన రాళ్ళలోంచి దాదాపు 3,500 అక్కడ అద్దాల వెనక ఉన్నాయి. ఇంటికి వచ్చిన చుట్టాల్ని తీసుకెళితే, ఎవరూ చీటీ చదవరు. "అబ్బ, ఎంత బాగుందో" అని ముందుకు నడుస్తారు. అందానికి ఊరు పేరు ఎందుకు అని ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది కూడా. నేను అందాన్ని కాదనను. ఇంత దూరం నన్ను నడిపించిందీ అదే. కానీ ఉత్త అందం కోసమైతే గాజు ముక్క చాలు. అద్దం వెనకున్న వెండి తీగ చుట్ట నా గుండె పట్టుకుంటుందంటే, అది ఫలానా గనిలో, ఫలానా లోతులో, నూనె దీపం వెలుతురులో ఒక మనిషి సుత్తి దెబ్బకి బయటపడిందని తెలుసు కాబట్టి. కరగబెట్టే కొలిమికి పోవలసినదాన్ని ఎవరో పక్కకి తీసి దాచారని తెలుసు కాబట్టి.

రెండో వాదన ఇంకొంచెం పదునైనది. చీటీ అబద్ధం చెప్పగలదు. నిజమే. ఫ్రైబెర్గ్ వెండి అంటే ధర ఎక్కువ గనక వేరే దేశపు వెండి తీగల మీద ఫ్రైబెర్గ్ అని రాసి అమ్మేవాళ్ళున్నారు. అకాంథైట్ అనే వెండి ఖనిజాన్ని వేడిచేసి కొలిమిలోనే తీగలు మొలిపించి, సహజమైనవని అమ్మేవాళ్ళూ ఉన్నారు. మన దేశపు రాళ్ళకైతే ఇంకో చిక్కు. దక్కను పీఠభూమి క్వారీల్లో దొరికే అందమైన జియోలైట్లు ప్రపంచమంతా పోతాయి. వాటిలో ఎన్నిటి మీదో ఉత్త "పూనా" అని ఉంటుంది, రాయి ఎన్ని మైళ్ళ అవతల పుట్టినా సరే. తమ క్వారీ ఏదో పోటీవాళ్ళకి తెలియకూడదని దాచే వ్యాపారులు కొందరు, అడగనేరని కొనుగోలుదార్లు కొందరు. కానీ దొంగ దస్తావేజులు పుడుతున్నాయని ఎవరూ రిజిస్ట్రేషన్ మానుకోరు కదా. ఇంకా జాగ్రత్తగా రాయించుకుంటారు. పాత చేతిరాత, పాత కాగితం, చేతులు మారిన వరస, ఇవన్నీ కలిస్తే అబద్ధం చాలాసార్లు పట్టుబడుతుంది. ఆ పెద్దాయన చీటీ చేతిరాత చూసి ఎవరి సేకరణలోదో చెప్పేస్తారు.

మూడో వాదన నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. సేకరణ అంటేనే దోపిడీ, కుప్పల్ని ముట్టుకోకుండా వదిలేయండి అంటారు కొందరు. పశ్చిమాన ఫోగ్ట్‌లాండ్‌లో ష్నెకెన్‌స్టైన్ అనే బండ ఉంది, పసుపు రంగు పుష్యరాగాల బండ. పద్ధెనిమిదో శతాబ్దంలో దాన్ని రాజుల కోసం తవ్వేశారు. డ్రెస్డెన్ రాజుల నగల్లో ఆ పుష్యరాగాలున్నాయి. ఇప్పుడు మిగిలింది ఒక మొండి బండ, చుట్టూ కంచె. అక్కడ సుత్తి తీయడం నిషిద్ధం. సరైన పనే. నేను కూడా చేతులు కట్టుకునే చూసి వచ్చాను. కుప్పల్లోనూ చాలావాటికి చారిత్రక కట్టడాల రక్షణ ఉంది, మిగిలినవాటికి స్థల యజమాని అనుమతి కావాలి. పాత సొరంగాల్లోకి దిగడం నేరం, ప్రాణాంతకం కూడా. ఇవన్నీ నాకు సమ్మతమే. కానీ అనుమతి ఉన్న కుప్ప మీద, వానకి కడుక్కుపోయి ఎండకి పొడవుతున్న రాయిని తీసి, చోటు రాసి దాచడం దోపిడీ అంటే ఒప్పుకోను. సల్ఫైడు ఖనిజాలు గాలికీ తడికీ నిలవవు, కుప్పలోనే కుళ్ళిపోతాయి. గని మూసేశాక లోపల నీళ్ళు నిండిపోయాయి. ఆ రాతి పొరల్లో ఏముండేదో చెప్పడానికి మిగిలిన సాక్షులు ఆ కుప్పల్లోని ముక్కలే. నా గీత ఒకచోట ఉంది. రాసేవాడు సేకర్త, రాయకుండా తీసుకుపోయేవాడు దోపిడీదారు. మూడేళ్ళ కిందట నేను ఆ గీతకి తప్పు వైపే ఉన్నాను.

చీటీ వల్ల ప్రాణాలకీ భద్రత ఉంది, అది మర్చిపోతాం. ప్రౌస్టైట్ అనే ఎర్రటి వెండి ఖనిజం ఉంది. దానిమ్మ గింజలాంటి ఎరుపు. వెలుతురులో పెడితే నల్లబడిపోతుంది, చీకట్లో దాచాలి. అది పోతే రాయికే నష్టం. యురేనియం ఉండే నల్లరాయి అలా కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్లు ఈ కొండల్లోనూ పక్కనున్న థ్యూరింగియాలోనూ తెరిచిన గనుల నుంచి 1990 దాకా దాదాపు 2,31,000 టన్నుల యురేనియం వెళ్ళింది. ఆ కాలపు ముక్కలు ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. తాత పోయాక మనవడు డబ్బా తెరిస్తే నల్లటి బరువైన రాయి. చీటీ ఉంటే జాగ్రత్తపడతాడు. లేకపోతే పిల్లల బల్ల మీద పెడతాడు. ష్నేబెర్గ్ గని కార్మికుల్ని చంపుతున్నది ఊపిరితిత్తుల క్యాన్సరని 1879లోనే ఇద్దరు వైద్యులు రాశారు. కారణం గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువని తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మన దగ్గర పరిస్థితి చెబుతాను. నాలుగేళ్ళ కిందట సెలవుల్లో వచ్చినప్పుడు ఒక కాలేజీ భూగర్భశాస్త్ర విభాగానికి వెళ్ళాను. పేరు రాయను, అలాంటివి చాలా ఉన్నాయి. ఒక గోడ పొడవునా టేకు బీరువాలు, లాగితే చప్పుడు చేసే సొరుగులు. ఒక్కొక్క సొరుగులో గళ్ళు, గడికో రాయి, రాయి మీద తెల్ల పెయింటు చుక్క, చుక్క మీద నల్ల సిరాతో అంకె. 212. 213. 214. ఎవరో ఎంత శ్రద్ధగా రాశారో, అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ముచ్చటేసి, రిజిస్టరు చూపించమని అడిగాను. అటెండరు గారు నొచ్చుకుంటూ చెప్పారు. "చెదలు తినేసాయమ్మా, ఎప్పుడో." రెండు తరాల మాస్టర్లు బస్సుల్లో, ఎడ్లబండ్ల మీద, కాలినడకన తిరిగి తెచ్చిన రాళ్ళు. 214 నంబరు రాయి నల్లగా, బరువుగా, గార్నెట్ గింజలతో ఉంది. కోడురైటే అయివుండొచ్చు. కోడూరుదో, గర్భాందో, ఒడిశా వైపుదో చెప్పగలిగిన మనిషి ఇక లేడు. నా రాయి గురించి ఆ పెద్దాయన అన్న మాట ఆ తర్వాతి ఏడాది విన్నప్పుడు, ముందుగా ఆ సొరుగే గుర్తొచ్చి ఉండాల్సింది. ఆ రోజు నా ఉక్రోషంలో గుర్తురాలేదు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. కుప్ప మీదే, రాయి చేతిలో ఉండగానే, పెన్సిలుతో చిన్న కాగితం మీద రాస్తాను. పెన్ను అయితే తడికి కారిపోతుంది. కుప్ప పేరు, గని పేరు, దగ్గరి ఊరు, వాలులో ఏ వైపు, తేదీ, నా పేరు. ఆ కాగితంతో పాటే రాయిని వార్తాపత్రికలో చుడతాను. ఒక కుప్ప పొట్లాలు ఒక సంచిలోకి వెళ్ళి మూతి ముడి పడ్డాకే రెండో కుప్పకి కదులుతాను. ఇంటి దగ్గర ఒక్కొక్కటీ విడిగా కడుగుతాను. అడుగున కనబడని చోట బియ్యపు గింజంత తెల్ల రంగు, ఆరాక దాని మీద నంబరు, పైన సన్నటి వార్నిష్ పూత. నంబరు పుస్తకంలో ఎక్కుతుంది, పుస్తకం ఫొటోలు రెండు చోట్ల ఉంటాయి. చెదలు ఫొటోల్ని తినవు.

మా అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, "మనూర్లో నేవేటే రాళ్ళు? అక్కడికెల్లి ఏరతన్నావు" అంది. ఆ మాటలో ఒక న్యాయం ఉంది. అందుకే మావయ్యని అడిగాను. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా మాంగనీసు గనుల్లో చేశారు. మొన్న సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడి చేత రాయి పంపించారు. పాత లుంగీ గుడ్డ విప్పితే అరకిలో నల్లరాయి, మధ్యలో నారింజ రంగు గార్నెట్ గింజలు. దానితో పాటు స్కూలు నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం, బాల్‌పెన్నుతో, గుండ్రటి పెద్ద అక్షరాలు:

"కోడూరు పాత గొయ్యి. రావిచెట్టు దగ్గర వడ్డు మీద. ఇప్పుడు నీళ్ళు ఉన్నాయి, దిగకూడదు. అమావాశ్య ముందు ఆదివారం. నేనే తీసేను."

పోయిన నెల సమావేశానికి దాన్ని తీసుకెళ్ళాను. జర్మన్‌లో చీటీ రాసుకున్నాను, కోడూరు, చీపురుపల్లి దగ్గర, విజయనగరం జిల్లా, పాత గని, పంచాంగం చూసి తేల్చిన తేదీ, తీసినవారి పేరు. పెద్దాయన రాయిని భూతద్దం కింద తిప్పారు, గార్నెట్ల దగ్గర ఆగారు. నా చీటీ చదివి, ఎక్కడిదని అడగలేదు. తర్వాత దాని కింద మడత పెట్టిన మావయ్య కాగితాన్ని తీసి విప్పారు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇది ఏం రాత అన్నారు. చెప్పాను. చదవమన్నారు. తెలుగులో చదివి, ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పాను. రావిచెట్టు దగ్గర ఆపి, అది ఎలాంటి చెట్టని అడిగారు. మొత్తం విన్నాక కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టి, దాని మీద నా చీటీ, దాని మీద రాయి పెట్టారు.